ఆకులు కప్పిన బిలం

బన్ను అని పిలిస్తే పలికే మనిషి ఆ ఊళ్లో ఒక్కడే. బేకరీ నడుపుతాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని వాళ్లావిడ అందరికీ చెప్పుకుంటుంది. మొగుడి మీద అభిమానం కొద్దీ చెప్పే మాట అది. ఉన్న సంగతి చెప్పుకోవాలంటే మనిషే అలా ఉంటాడు. గుండ్రంగా, మెత్తగా, నెత్తి మీద నున్నగా, చూడగానే చనువు తీసుకోవాలనిపించేలా. తెల్లారకముందే లేచి పిండి కలుపుతాడు. బ్రెడ్డూ రస్కులూ పొయ్యిలోంచి దించి, కొట్టు వాళ్లావిడకు అప్పగించి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తాడు. ఎవరేమన్నా ముందు తనే నవ్వేస్తాడు. అంత మంచివాడికీ ఒక పిచ్చి ఉంది. అది లేకపోతే ఈ కథ చెప్పుకునే అవసరమే ఉండేది కాదు.

ఊరి వెనక సున్నపురాతి కొండలున్నాయి. ఆ రాతిలో ఎక్కడపడితే అక్కడ కన్నాలు. కొన్ని కుందేలు దూరేంత, కొన్ని మనిషి వంగి వెళ్లేంత. లోపల ఏముందో, ఎంత దూరం పోతాయో చాలావాటి గురించి ఎవరికీ తెలియదు. వాటిని వెతికి పట్టుకుని, ఎక్కడున్నాయో రాసిపెట్టడమే బన్ను పిచ్చి. ఆదివారం వచ్చిందంటే కొట్టుకు సెలవు, బన్ను కొండ మీద. పనికొచ్చే పిచ్చి ఏదైనా పట్టొచ్చు కదా అని వాళ్లావిడ కొత్తలో చెవినిల్లు కట్టుకుని పోరింది. తర్వాత విసుగొచ్చి మానేసింది.

కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కన్నం కనిపెట్టడంలో బన్నుది అందె వేసిన చెయ్యి. చలికాలం పొద్దున్నే కొండకు ఎదురుగా నిలబడి ఏ బండ పక్కనుంచి ఆవిరి లేస్తోందో చూస్తాడు. లోపలి గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి బయటికి రాగానే ఆవిరి కడుతుంది. ఎండాకాలం అయితే చెప్పులు విడిచి నడుస్తాడు. పాదానికి చల్లగా ఏదైనా తగిలితే చాలు, అక్కడే చతికిలబడి తుప్పలు తప్పిస్తాడు. గాలి ఆడని రోజు సాలెగూడు ఒక్కటే కదులుతూ కనిపించిందంటే దాని వెనక కన్నం ఉన్నట్టే. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి తిరగ్గా వచ్చినవి.

అతనితో పాటు తిరిగేది ఇద్దరే. ఒకావిడ పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన టీచరు. ఊరంతా ఆవిణ్ణి మాస్టరమ్మ అంటారు. బిలం దొరికితే మూతి కొలతలు టేపుతో తీసుకునేది, సైజు తెలిసేలా పక్కన తన చెప్పు పెట్టి ఫోటో తీసేది, రాయి మీద పెయింటుతో అంకె వేసేది, లోపలి దారి పటం గీసేది ఆవిడే. రెండోవాడు బన్ను బావమరిది, వాళ్లావిడ తమ్ముడు. కరెంటు ఆఫీసులో లైన్‌మాన్. స్తంభాలెక్కి ఎక్కి మనిషి ఎముకా తోలూ తప్ప మరేమీ మిగలని వాడు. అందుకే వాణ్ణి చువ్వ అంటారు. ఏ కన్నంలోనైనా చువ్వ దూరతాడు. తల పట్టిందా, మిగతాది దానంతటదే వస్తుందంటాడు.

వీళ్ల ముగ్గురికీ ఒక కట్టుబాటుంది. బిలానికి పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాడిది కాదు, మొదట లోపలికి దిగినవాడిది. మాస్టరమ్మ పెట్టిన కట్టుబాటు అది. దిగి చూస్తే కదా అది బిలమో ఉత్త గుంటో తెలిసేది అంటుంది ఆవిడ. మాట న్యాయంగానే ఉంది. కానీ దానివల్ల జరిగిందేమిటి? కనిపెట్టేది బన్ను, దూరేది చువ్వ, పైన తాడు పట్టుకుని నిలబడేది మళ్లీ బన్ను. మాస్టరమ్మ పటం మీద బన్ను పెట్టిన పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ చువ్వ పేర్లే. 'పిల్లి గడప', 'మెడ పట్టేసింది', 'చొక్కా చిరిగింది', ఇలా ఉంటాయి వాడి పేర్లు. వాడికి ఆట, వాళ్లక్కకు నవ్వులాట.

ఒక ఆదివారం బన్ను ఒక బిలం కనిపెట్టాడు. ఎప్పుడూ పైనే ఉంటున్నాను కదా, ఈసారి నేనే దిగుతానని ముచ్చటపడ్డాడు. భుజాలు దూరాయి, బొజ్జ దగ్గర ఆగిపోయాడు. ముందుకూ పోలేడు, వెనక్కూ రాలేడు. చువ్వ రెండు కాళ్లూ పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత వాడు పాములా జారిపోయి, లోపల కాసేపు తిరిగి, బయటికొచ్చి మట్టి దులుపుకున్నాడు.

"పేరు రాసుకో మాస్టరమ్మా," అన్నాడు. "బావ పట్టడు."

మాస్టరమ్మ కళ్లజోడు తీసి మరీ నవ్వింది. అదే పేరు పటం మీద రాసింది. ఇంటికొచ్చి చెబితే వాళ్లక్క కంచం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది బన్నే. నవ్వకపోతే చిన్నబుచ్చుకున్నాడంటారు కదా. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. వయసు మళ్లుతోంది, తన పేరు ఎక్కడా లేదు సరే, ఉన్న ఒక్క చోటా ఇలా ఉందే అని కుమిలిపోయాడు. ఎవరికీ చెప్పుకోలేదు. బావమరిది హాస్యమాడాడని ఏడిస్తే జనం నవ్విపోరూ?

తర్వాత కొన్నాళ్లకు, పనిరోజున, పక్క ఊరికి బ్రెడ్డు వేసి వస్తూ స్కూటరు ఆపి, నీడ కోసం కొండ పడమటి వాలులోకి నడిచాడు. ఒక పొద పక్క కూర్చోగానే మడమల మీద చల్లగా తగిలింది. పొద తప్పించి చూస్తే నేలలో పగులు. గుమ్మడికాయ చెక్క అడ్డంగా పెట్టినట్టు సన్నగా, పొడుగ్గా ఉంది మూతి. రాయి వేస్తే దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది. ఇంత గాలి కొట్టే బిలం బన్ను జన్మలో చూడలేదు. కాళ్లు లోపలికి వేలాడేసి దిగబోయాడు. ఇంకెక్కడ ఆగుతాడు, బొజ్జ దగ్గరే ఆగాడు.

ఆదివారం చెప్పాలి. చెబితే చువ్వ గుటుక్కున దిగిపోతాడు, ఇంకేదో పేరు పెడతాడు. బన్ను అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. కొద్ది రోజులు ఎవరికీ చెప్పకుండా ఉంటే నష్టమేమిటి? ఈ బొజ్జ కాస్త తగ్గితే చాలు. ఒక్కటి, ఒకే ఒక్క బిలం తనదనుకుంటే పాపమేమీ కాదు. అలా తనకు తానే సర్దిచెప్పుకుని ఎండుకొమ్మలు విరిచి మూతికి అడ్డంగా పేర్చాడు. వాటి మీద స్కూటరులో ఉన్న ఖాళీ మైదా గోతం పరిచాడు. దాని మీద ఆకులు, ఆకుల మీద గుప్పెడు మట్టి. లేచి దూరంగా వెళ్లి చూసుకున్నాడు. ఏమీ తెలియడం లేదు. ఎంత బాగా కుదిరిందో అని సంతోషపడ్డాడు కూడా. ఎవరైనా కాలు వేస్తే ఏమవుతుందన్న ఆలోచన రాలేదు. బిలం మూతుల కోసమే కళ్లు కాయలు కాచిన మనిషికి ఆ మాట తోచలేదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. కానీ నిజంగానే తోచలేదు.

ఇక మొదలైంది ఉపవాసం. బేకరీవాడు కడుపు మాడ్చుకోవడం ఎంత నరకమో అనుభవించినవాడికే తెలుస్తుంది. పొయ్యిలోంచి వేడి బన్నుల ట్రే తీసి అలా చూస్తూ నిలబడిపోయేవాడు. రాత్రికి సగం కంచం వదిలేసేవాడు. వీలు చిక్కినప్పుడల్లా కొండకెళ్లి, ఆకులు తీసి, మూతిలోకి దిగి చూసుకుని, మళ్లీ కప్పేసి వచ్చేవాడు. పెళ్లినాటి చొక్కా పట్టిన రోజు అద్దం ముందు వెనక్కీ ముందుకీ తిరిగి చూసుకున్నాడు.

వాళ్లావిడ చూస్తూ ఊరుకుంటుందా? ముందు రోగమేమో అని బెంబేలెత్తింది. డాక్టరు దగ్గరికి లాక్కెళితే ఏమీ లేదన్నాడు. అప్పుడు అసలు అనుమానం పుట్టింది. మొగుడు చిక్కుతున్నాడు, అద్దం చూసుకుంటున్నాడు, అడిగితే మాట దాటేస్తున్నాడు, పనిరోజుల్లో చెప్పాపెట్టకుండా మాయమవుతున్నాడు. ఏ ఆడదానికైనా ఏమనిపిస్తుంది? నలుగురికీ చెప్పుకుంటే పరువు పోతుంది. తమ్ముణ్ణి పిలిచి చెవిలో వేసింది. వాడు పడీ పడీ నవ్వాడు.

"బావకా? అక్కా, కొండ మీద మేకలు తప్ప ఎవరున్నారే?"

"నవ్వకు. నా తలనొప్పి నీకేం తెలుసు? మేకల కాపరి చూశాట్ట, ఎప్పుడూ ఆ పడమటి వాలుకే వెళ్తున్నాడట. ఒక్కసారి వెళ్లి చూసిరా, నా మనసు కుదుటపడుతుంది."

అక్క మాట తీసెయ్యలేక చువ్వ ఒక పొద్దున బయల్దేరాడు.

ఆ మధ్యాహ్నం బన్ను కొట్లో బ్రెడ్డు కోస్తున్నాడు. వాళ్లావిడ వచ్చి బల్లకు అవతల నిలబడింది. ఎప్పటిలా బల్ల తుడవలేదు, డబ్బాలు సర్దలేదు. కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది.

"ఏమండీ, ఒక మాట చెబుతాను. తిట్టకండి."

"ఏంటి?"

"మీరు కొండకి ఎందుకెళ్తున్నారో చూసి రమ్మని తమ్ముణ్ణి పంపాను. భోజనానికి వచ్చేస్తానన్నాడు. రాలేదు. ఫోను కలవడం లేదు."

"ఏ వైపుకి పంపావు?"

"పడమటి వాలుకి."

బన్ను చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఏం జరిగిందో అంతా కళ్లకు కట్టింది. ఇంకెవరైనా కాలు వేస్తే నడుం దగ్గర ఆగిపోతారు. చువ్వ ఒక్కడే నిలువునా జారిపోతాడు. మాస్టరమ్మకు ఫోను చేసి పడమటి వాలుకి తాడు పట్టుకురమ్మని, ఆస్పత్రి బండికి చెప్పమని, పిండి అంటిన ఏప్రన్ కూడా విప్పకుండా స్కూటరెక్కాడు. వెనక వాళ్లావిడ ఏదో అడుగుతూనే ఉంది.

వాలు చేరేసరికి మాస్టరమ్మ ఇంకా కిందే ఉంది. మోకాళ్ల నొప్పులతో మెల్లగా ఎక్కుతోంది, పక్కన తాడు మోస్తూ మేకల కాపరి. బన్ను పొద తప్పించాడు. ఆకుల మధ్య నల్లగా కన్నం. గోతం లోపలికి పోయింది. విరిగిన కొమ్మలు రెండు మూడు అంచుకు వేలాడుతున్నాయి. అడుగునుంచి నీరసంగా గొంతు వినిపించింది.

"ఎవరూ? ఎవరైనా ఉన్నారా?"

బతికున్నాడు. ఆ గొంతు వినగానే బన్ను చేయాల్సింది ఒక్కటే. నేనున్నానురా అని ఒక్క కేక వెయ్యాలి. వెయ్యలేదు. అతని చేతులు ముందు ఆ కొమ్మలు లాగాయి. పేర్చినట్టుగా ఉన్న వాటిని ఒక్కొక్కటీ ఊడదీసి దూరంగా తుప్పల్లోకి విసిరేశాడు. అంచున మట్టి చెదరగొట్టాడు. కింద బావమరిది ఇంకోసారి పిలిచాడు. బన్ను వంగి ఆకులు ఊడుస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక, మాస్టరమ్మ ఆయాసం దగ్గరగా వినిపించాక, అప్పుడు మూతి దగ్గర బోర్లా పడుకుని, "ఒరేయ్, నేను వచ్చాను," అన్నాడు.

ఆ తర్వాతదంతా ఊళ్లో కథలుగా చెప్పుకున్నారు. దిగేదెవరు? మాస్టరమ్మకు మోకాళ్లు సహకరించవు, కాపరికి భుజాలే పట్టవు. బన్ను తాడు నడుముకు కట్టుకుని, చేతులు పైకెత్తి, ఊపిరంతా వదిలేసి కిందికి జారాడు. బొజ్జ రాతికి రాసుకుని చొక్కా గుండీలు తెగిపోయాయి. కానీ పట్టాడు. అడుగున టార్చి వెలుగులో చువ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోకాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. వచ్చిందెవరో చూసి నొప్పి మరిచిపోయి నవ్వాడు.

"బావా, నువ్వు పట్టావే."

బన్ను టార్చి పక్కన పెట్టి వాడి కాలి దగ్గర కూర్చున్నాడు.

"మాస్టరమ్మతో చెప్పి ఆ పేరు కొట్టించెయ్యాలి ఇక," అన్నాడు చువ్వ. ఆ మాటంటూనే మూలిగాడు. "కాలి కింద ఏదో గుచ్చుకుంటోంది, తియ్యి బావా."

గోతం. మీద ఎర్రసిరాతో అచ్చేసిన బేకరీ గుర్తు. బన్ను దాన్ని లాగి, మడిచి, చొక్కాలోకి దోపుకున్నాడు. చువ్వ ఏమిటని అడిగితే ఏదో గుడ్డపేలిక అన్నాడు. తన కోసం నొప్పిలోనూ సంతోషపడుతున్న మనిషి ముందు ఆ పని చేశాడు. సిగ్గుతో అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది. చావలేదు సరికదా, చువ్వ నడుముకు ముడి గట్టిగా వేసి, కాలికి కర్ర కట్టి, పైకి లాగమని కేక వేశాడు.

చివర్లో తను పైకొస్తుంటే మూతి దగ్గర ఇరుక్కున్నాడు. చొక్కాలో గోతం ఉందాయె. పైన చేతులు పట్టుకు లాగుతున్న ఆస్పత్రివాళ్లు, కాపరి, మాస్టరమ్మ, గండం గడిచిన సంబరంలో ఒక్కసారిగా నవ్వేశారు. స్ట్రెచరు మీద నుంచి చువ్వ కూడా, "ఊపిరి వదులు బావా," అని నవ్వాడు. బన్ను కూడా నవ్వాడు. ఎప్పటిలాగే అందరికంటే గట్టిగా నవ్వాడు.

"తిన్నగా ఇక్కడికే ఎలా వచ్చారు బన్నుగారూ?" అని అడిగింది మాస్టరమ్మ.

"గాలి తగిలిందండీ."

"కాళ్లు కావవి," అంది ఆవిడ కాపరితో. "అన్నేళ్ల అనుభవం."

ఆస్పత్రి వరండాలో వాళ్లావిడ బన్ను భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఎంత ఓదార్చినా ఆగలేదు.

"నా బుద్ధి గడ్డి తిందండీ. మిమ్మల్ని అనుమానించాను. నేను పంపకపోతే వాడు అక్కడికి వెళ్లేవాడా? మీరు చూడండి, అంత సన్నపాటి కన్నంలోకి దిగి వాణ్ణి తెచ్చారు. నన్ను క్షమించండి."

చెప్పాలంటే అదే సమయం. చొక్కా లోపల గోతం పొట్టకు గరుకుగా తగులుతోంది. బన్ను నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకటి.

"పోనీలే. అయిందేదో అయింది. నేనేమీ మనసులో పెట్టుకోలేదు."

మర్నాడు తెల్లవారుజామున గోతాన్ని పొయ్యిలో వేసి కాల్చేశాడు. ఆ పూట బన్నులకు కాలిన గోనె వాసన అంటిందని ఇద్దరు ముగ్గురు వెనక్కి తెచ్చారు.

చువ్వను తమ ఇంటికే తెచ్చుకున్నారు. ముందు గదిలో మంచం వేశారు. ఆపరేషన్ అయింది, సిమెంటు కట్టు పడింది. బావ చేసిన సాయం వాడు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కొట్లో బ్రెడ్డు కొనడానికి వచ్చినవాళ్లు బన్ను చెయ్యి పట్టుకుని ఊపేవారు. పిల్లలకు చూపించేవారు. అతనికి తల ఎత్తబుద్ధయ్యేది కాదు. అది కూడా అణకువ అనుకునేవారు జనం. ఇక ఉపవాసం చెయ్యనక్కర్లేకపోయింది. ముద్ద గొంతు దిగేది కాదు. మనిషి సగమయ్యాడు. అంతా భలే సన్నబడ్డావే అని మెచ్చుకున్నారు. ఏం చెబుతాడు?

మాస్టరమ్మ చువ్వ మంచం పక్క కూర్చుని బిలం వివరాలు రాసుకుంది. మూతి మీద ఏముందిరా అని అడిగితే ఆకులన్నాడు వాడు. గాలికి కొట్టుకొచ్చిన ఆకులు మూతి కప్పేశాయని రాసింది ఆవిడ. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అని ఆవిడకు బెంగ పట్టుకుంది. మేకల కాపర్లందరినీ పిలిచి, ఆకులు పోగుపడ్డ చోట కర్రతో పొడవకుండా కాలు పెట్టొద్దని చెప్పింది. అప్పట్నుంచి ఆదివారాలు ఆవిడా, ఆవిడ మాట విన్న ఇంకో నలుగురూ, కొండంతా ఆకుల కుప్పలు పొడుస్తూ తిరిగేవారు. మోకాళ్లు పట్టుకుని మరీ తిరిగేది ముసలావిడ. బన్ను వెనకే కర్ర పట్టుకుని నడిచేవాడు. తను చేతులారా పేర్చిన ఆకుల కోసం ఊరి జనం ఎండలో పడి అలా తిరుగుతుంటే కాళ్లు ముందుకు పడేవి కావు. ఆపండి అని ఎలా చెప్పడం? చెబితే ఎందుకో చెప్పాలి.

అన్నిటికంటే కష్టం ఇంట్లో ఆవిణ్ణి చూడటం. నోరున్న మనిషి, ఒక మాటకు పది మాటలు చెప్పే మనిషి, ఒక్కసారిగా మూగదైపోయింది. బన్ను ఎక్కడికెళ్తున్నానంటే ఎందుకని కూడా అడగడం మానేసింది. అడిగే హక్కు పోగొట్టుకున్నాననుకుంది. కంచంలో అతనికిష్టమైనవే వడ్డించి, తినలేదని కూడా అనకుండా తీసేసేది. తమ్ముడికి అన్నం పెడుతూ వాడి మొహంలోకి చూసేది కాదు. రేపు చెబుతాను, వాడి కట్టు విప్పాక చెబుతాను అని బన్ను వాయిదాలు వేసుకుంటూ పోయాడు.

కట్టు విప్పారు. మోకాలు పూర్తిగా వంగదన్నారు. కరెంటు ఆఫీసులో పెద్దాయన ఇంటికొచ్చి, మంచిగానే, ఇక స్తంభం ఎక్కే పని వద్దని, కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు ఎత్తమని చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక చువ్వ కిటికీలోంచి వీధి స్తంభం వైపు చూస్తూ కూర్చున్నాడు.

బన్ను కొట్టు నుంచి వచ్చేసరికి వాళ్లావిడ తమ్ముడి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. వాడి బాగున్న కాలు పట్టుకుంది.

"నా వల్లే రా. నా పాడు అనుమానం వల్ల. నీ బతుకు నేనే పాడుచేశాను."

"ఊరుకో అక్కా. కాలు జారింది, అంతే."

"నేను పంపకపోతే నువ్వెళ్లేవాడివా?"

బన్ను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇంకొక్క నిమిషం ఆ మాటలు వింటే తను మనిషినే కాననిపించింది.

"నీ వల్ల కాదు," అన్నాడు. "ఆ బిలం నేనే కప్పాను."

ఇద్దరూ తలెత్తారు. అతను గుమ్మం దాటి లోపలికి రాకుండానే చెప్పుకొచ్చాడు. పేరు కోసం దాచడం, కొమ్మలు పేర్చడం, గోతం పరచడం, చిక్కడం ఎందుకో, గోతాన్ని చొక్కాలో దోపుకోవడం, పొయ్యిలో వెయ్యడం, ఒక్కటి తప్ప ఏదీ మిగల్చలేదు. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

చువ్వ మోకాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు చెప్పుంటే నేను దిగేవాణ్ణి కాదు బావా," అన్నాడు చివరికి. "నువ్వు పట్టేదాకా ఆగేవాణ్ణి."

బన్ను నేల చూశాడు.

"ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. కింద ఉన్నప్పుడు పైన ఏదో ఆకులు లాగుతున్న చప్పుడైంది. నేను పిలిచాను, పలకలేదు. ఏదో జంతువనుకున్నాను. అది లోపలికి వస్తుందని నోరు మూసుకుని, కదలకుండా కూర్చున్నాను. అది నువ్వేనా?"

"నేనే."

చువ్వ ఇక అతని వైపు చూడలేదు. గోడ వైపు తిరిగాడు. వాడు అరిచి ఉంటే, చేతికందింది విసిరి ఉంటే బన్నుకు కాస్త ఊపిరి ఆడేది.

వాళ్లావిడ నేల మీద నుంచి లేచింది. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఆస్పత్రిలో నేను మీ భుజం మీద పడి ఏడ్చాను," అంది. "క్షమించమన్నాను."

"అవును."

"మీరు క్షమించారు. నేనేమీ మనసులో పెట్టుకోలేదన్నారు. అది పట్టుకుని ఇన్నాళ్లూ మీకు ఎదురు చెప్పలేదు. మీ కంచం ముందు తల వంచుకుని నిలబడ్డాను. వీడి మొహం చూడలేక చచ్చాను. మీరు చూస్తూనే ఉన్నారు."

బన్ను ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడేమీ అనకండి. ఆ రోజన్న మాట ఉంది కదా, నన్ను క్షమించానని. అది వెనక్కి తీసుకోండి. ముందు అది తీసుకోండి."

ఆవిడ ఎదురుచూస్తూ నిలబడింది. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో బన్నుకు తెలియలేదు.